అత్తగారి కొట్టు మీది బండ

సిపిరిన్ చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే ఈ కథలో చాలాసేపు అతను చెడ్డవాడిలాగే కనిపిస్తాడు. అతనికున్న రోగం ఒక్కటే. తన తోడల్లుడు మెల్విన్‌ను ఎవరైనా మెచ్చుకుంటే చాలు, కడుపులో మంట పుట్టేది. మెచ్చుకున్నది అత్తగారైతే ఆ మంట వారం దాకా చల్లారేది కాదు. భార్య లిడ్వినా అతని మొహం చూసే ఆ రోజు పుట్టింట్లో ఏం జరిగిందో చెప్పేయగలిగేది.

అతను పుట్టింది తంబునన్ లోయలో, వరి పండించుకునే ఇంట్లో. తండ్రికి మాటలు తక్కువ, కొడుక్కీ అదే అబ్బింది. బడి మధ్యలో మానేసి, రోడ్లు కొలిచేవాళ్ళ వెంట గొలుసు పట్టుకుని కొంతకాలం తిరిగాడు. ఆ తర్వాత కోట కినబాలు పట్నంలో, కొండవాలులు గట్టిగా ఉన్నాయో లేదో పరీక్షించే ఒక చిన్న కంపెనీలో చేరాడు. అక్కడే ఈ విద్య పట్టుబడింది. మనిషి పొట్టి, మెడ కురచ, నవ్వు అరుదు. ఆదివారం ప్రార్థనకు వెళ్తే చివరి బల్ల మీద కూర్చునేవాడు.

లిడ్వినాను అడగడానికి పెద్దలతో కలిసి వెళ్ళిననాడు, ఆమె తల్లి సుంపింగ్ అతన్ని ఎగాదిగా చూసి సూటిగా అడిగింది.

"ఏం పని చేస్తావు బాబూ?"

"రాళ్ళకి ఫొటోలు తీస్తానండి."

"రాళ్ళకా! దానికి జీతం కూడా ఇస్తారా?"

అందరూ నవ్వారు. సిపిరిన్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా పని గురించి అడిగితే మాత్రం అతనికి మాటలు వచ్చేవి.

"ఊరికే తీసే ఫొటోలు కాదండీ. ఒకే రాయిని కొంచెం కొంచెం పక్కకి జరుగుతూ బోలెడన్ని తీస్తాం. కంప్యూటర్ వాటిని కలిపిందంటే రాయి రాయంతా తెర మీద లేచి కూర్చుంటుంది. దాని మీద ఎగుడెంతో దిగుడెంతో వెంట్రుక మందం దాకా కొలవొచ్చు. ఫొటోగ్రామెట్రీ అంటారు."

"కొలిచి ఏం చేస్తారు? అమ్ముకుంటారా?"

"కొండలో బండ మీద బండ కూర్చుని ఉంటుంది కదండీ. మధ్యలో గరుగ్గా ఉంటే పళ్ళు కరుచుకున్నట్టు పట్టుకుని ఆగుతుంది. నున్నగా ఉంటే వానకి జారి కింద ఉన్నవాళ్ళ నెత్తిన పడుతుంది. ఏది ఆగుతుందో ఏది జారుతుందో చెప్పడం మా పని."

 సుంపింగ్, "తాగుతావా?" అని మాత్రం అడిగింది. పండగలకే అన్నాడు. పిల్లనిచ్చింది.

సుంపింగ్‌కు తంబునన్ రోడ్డు మీద, కొండను తొలిచి దారి వేసిన చోట, ఒక కొట్టు ఉంది. పోయిన భర్త తన చేతులతో చెక్కలు కోసి కట్టినది. సీసాల్లో తుహావ్ అనే అడవి అల్లం పచ్చడి, బంబంగాన్ అనే అడవి మామిడి ఊరగాయ, కొండతేనె, అనాసలు, వెనకవైపు గుడ్డ కప్పిన జాడీల్లో బియ్యం పులియబెట్టి చేసిన లిహింగ్ కల్లు. కొట్టు వెనకే ఒక చిన్న గది, అందులో ఆమె మంచం. కూతుళ్ళిద్దరూ తమ ఇళ్ళకు రమ్మన్నా వెళ్ళేది కాదు. ఆ కొట్టులోనే ఉంటానని, అక్కణ్ణించే తనను మోసుకెళ్ళమని చెప్పేది.

పెళ్ళయిన కొత్తలో సిపిరిన్ తాను కొలిచిన ఒక బండ బొమ్మను రంగుల్లో అచ్చు వేయించి అత్తగారికి తీసుకెళ్ళి ఇచ్చాడు. ఎత్తులు ఎర్రగా, పల్లాలు నీలంగా, చూడముచ్చటగా ఉంది. "బాగుంది అల్లుడూ" అని ఆమె తీసుకుంది. మళ్ళీ వెళ్ళేసరికి ఆ కాగితంలో ఊరగాయ సీసా చుట్టి బస్సు ప్రయాణికుడికి ఇస్తోంది.  అతను ఆ సంగతి మరచిపోలేదు.

ఆ తర్వాత రెండో కూతురు రోజ్లిన్‌కు మెల్విన్ దొరికాడు. వాడు పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసేవాడు. పొడుగరి, పాట పాడతాడు, సుమజావ్ నాట్యంలో చేతులు గద్దలా చాపి ముసలాళ్ళ చేత కూడా చప్పట్లు కొట్టిస్తాడు. మొదటి నెలలోనే అత్తగారికి నల్ల ముఖమల్ దుస్తులు వేయించి, బంగారు అంచు సరిచేసి ఒక ఫొటో తీశాడు. ముడతలన్నీ కంప్యూటర్‌లో చెరిపేశాడు. సుంపింగ్ ఆ ఫొటోకు చట్రం కట్టించి కొట్టు మధ్యలో తగిలించింది. అనాస కొనడానికి ఆగిన ప్రతివాడికీ చూపించేది.

"మా చిన్నల్లుడు తీశాడు. చూడండి, నా పెళ్ళినాడు కూడా నేనింత బాగాలేను."

సిపిరిన్ ఆ ఫొటోకు వీపు పెట్టి కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు. అది కనబడకపోయినా అక్కడ ఉందని తెలుస్తూనే ఉండేది.

ఇంతవరకూ ఇది కుటుంబంలో గొడవే. అది ఆఫీసుకు పాకడానికి కారణం లిడ్వినా. ప్రతివాడి చేతికీ మంచి ఫోన్లు వచ్చాక పెళ్ళిళ్ళకు మెల్విన్‌ను పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. "మా మరిది ఖాళీగా కూర్చున్నాడు, మీ మేడంతో ఒక మాట చెప్పొచ్చుగా" అని ఆమె మొగుణ్ణి పోరింది. సిపిరిన్ రేపు మాపు అంటూ నాన్చాడు. విసుగెత్తి ఆమే లియూ మేడంకు ఫోన్ చేసేసింది. లియూ మేడం ఆ కంపెనీలో పెద్ద ఇంజనీరు. పని తెలిసిన మనిషి, మొహమాటం తెలియని మనిషి.

మెల్విన్‌కు పని నేర్పిన వాడు సిపిరినే. నేర్పక తప్పలేదు. రాయి పక్కన కొలబద్ద ఎలా పెట్టాలో, బాణం గుర్తు ఉన్న చెక్కను బండ జారే దిక్కుకు సరిగ్గా ఎలా బిగించాలో, ఆ చెక్క లేకపోతే కంప్యూటర్‌కు రాయి పైనేదో కిందేదో తెలియదని ఎందుకంటారో, అన్నీ ముక్తసరిగా చెప్పాడు. వాడు ఆరు నెలల్లో గురువును దాటిపోయాడు. ఏ పూట ఎండ ఏ మూలనుంచి పడితే రాయి మీద సన్నగీత కూడా పైకి తేలుతుందో వాడికి పుట్టుకతో తెలుసన్నట్టు ఉండేది.

"సిపిరిన్, వెలుతురు పట్టడం మీ తమ్ముడి దగ్గర నేర్చుకో" అంది లియూ మేడం ఒకనాడు, అందరి ముందూ.

ఆ రోజు సిపిరిన్ తెచ్చుకున్న అన్నం డబ్బా విప్పకుండానే ఇంటికి తీసుకెళ్ళాడు. "ఒంట్లో బాగాలేదా?" అని లిడ్వినా అడిగితే, "నీ మరిది ఉన్నాడుగా, నా ఒళ్ళు కూడా వాడే చూసుకుంటాడు" అన్నాడు. ఆమెకు నవ్వొచ్చింది. అతనికి ఇంకా ఒళ్ళు మండింది.

ఆ ఏడు వానలకు ఆ రోడ్డు మీద ఎక్కడో ఒక చరియ విరిగిపడింది. ఎవరికీ ఏమీ కాలేదు కానీ, కొట్లు ఉన్న చోటల్లా పైనున్న బండల్ని పరీక్షించమని కంపెనీకి పని వచ్చింది. సిపిరిన్ అప్పుడు కుందసాంగ్ వైపు వేరే పనిలో ఉన్నాడు. సుంపింగ్ కొట్టు మీది బండను మెల్విన్ కొలిచాడు. రాయి ఎంత గరుకో ఇరవైకి లెక్కేసి చెప్పే కొలతలో దానికి నాలుగు కూడా రాలేదు, అంటే బాగా నున్నన. ఉక్కు మేకులు దింపి బండను బిగించేదాకా దాని కింద ఎవరూ ఉండకూడదని లియూ మేడం రాసింది. మేకులు ఎప్పుడు దింపుతారో ఎవరికీ తెలియదు. కొట్టు ఖాళీ చేయమని రోడ్ల ఆఫీసునుంచి నోటీసు వచ్చింది.

సుంపింగ్ ఆ కాగితం పట్టుకుని తిన్నగా పెద్దల్లుడి ఇంటికి వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా లోపలికి వచ్చి కూర్చుంది.

"మీ మామయ్య కట్టిన కొట్టు తీసెయ్యాలట. నేనెక్కడికి పోవాలి? చెప్పు, నేనెక్కడికి పోవాలి?"

సిపిరిన్‌కు జాలి వేసింది. నిజంగానే వేసింది. కానీ ఆ జాలి కిందే ఇంకొకటి కదిలింది. అది సంతోషం. మెల్విన్ కొలత వల్ల అత్తగారు ఏడుస్తోంది, ఏడుస్తూ తన గుమ్మం తొక్కింది. మరుక్షణంలో అతనికి ఒక ఆలోచన తట్టింది, తట్టగానే అది నిజమనే అనిపించింది.

"ఆ కొలత మీద నాకు నమ్మకం లేదత్తయ్యా. పెళ్ళికూతుళ్ళ బుగ్గలు నునుపు చేసీ చేసీ వాడికి చెయ్యి అలవాటైపోయింది. రాయిని కూడా అలాగే నునుపు చేసుంటాడు. మీ మొహం మీద ముడతలు ఏమయ్యాయి? బండ మీద గరుకూ అక్కడికే పోయింది."

లిడ్వినా వంటింట్లోంచి, "నోటికొచ్చినట్టు అనకండి" అంది. సుంపింగ్ మాత్రం అల్లుడి మొహంలోకే చూసింది.

"అయితే నువ్వు కొలువు" అంది.

ఆదివారం ప్రార్థన అవగానే సిపిరిన్ ఒక్కడే బయలుదేరాడు. సామాన్ల పెట్టె, బాణం చెక్కతో సహా, మెల్విన్ దగ్గర ఉంది. దాన్ని అడగడం అతనికి ఇష్టం లేదు. అడిగితే ఎందుకని అడుగుతాడు. స్టీలు కొలబద్ద ఒకటి జేబులో పెట్టుకుని, సొంత కెమెరాతో వెళ్ళాడు. కొట్టు కప్పు పక్కనుంచి నిచ్చెన వేసి ఎక్కాడు. పైబండ కొంత మేర విరిగిపోయి, అది కూర్చున్న కిందిరాయి ముఖం అక్కడ బయటపడి ఉంది. నిచ్చెన మీద నిలబడి అడ్డంగా చెయ్యి చాపి దాన్ని నిమిరాడు. అరచేతికి గీతలు గీతలుగా తగిలింది. "గరుకు కాదట! వీడికి చేతులున్నాయా?" అని గట్టిగానే అనుకున్నాడు. కెమెరాను నిలువుగా తిప్పి, అడ్డంగా తిప్పి, అందినంత మేరా ఫొటోలు తీసుకుని దిగాడు.

ఇంటికొచ్చి కంప్యూటర్‌కు ఎక్కించాడు. రాయి తెర మీద లేచింది. కొలబద్ద ఉంది కాబట్టి దాని సైజు సరిగ్గానే వచ్చింది. చెక్క లేదు కాబట్టి ఏది పైనో ఏది కిందో అతనే నిర్ణయించాలి. తెర మీద అది ఎలా పడి ఉందో అలాగే ఉంచి, పైనుంచి కిందికి గీతలు లాగి లెక్క కట్టమన్నాడు. పద్నాలుగు వచ్చింది. మామూలుగా అయితే దిక్కు సరిచూసుకోకుండా ఒక్క గీత కూడా లాగని మనిషి అతను. కానీ కోరుకున్న అంకె కళ్ళముందు కూర్చున్నాక మళ్ళీ చూడబుద్ధి కాలేదు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

మర్నాడు ఆఫీసులో లియూ మేడం రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇంత తేడానా? దిక్కు చెక్క పెట్టావా?"

"పెట్టాను మేడం."

అబద్ధం అంత సులువుగా వస్తుందని అతనికే తెలియదు. ఇన్నేళ్ళలో అతను ఆమెతో అబద్ధమాడలేదు, అందుకే ఆమె మళ్ళీ అడగలేదు. మరోసారి అందరం కలిసి కొలిచేదాకా కొట్టు జోలికి పోవద్దని రోడ్ల ఆఫీసుకు రాసింది. మెల్విన్ ఆ సాయంత్రం అతని బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అన్నయ్యా, నేను ఫొటోలని ముట్టుకోలేదు. తీసినవి తీసినట్టే ఇచ్చాను. నువ్వు తీసినవి ఒకసారి చూపిస్తావా?"

"చూసి ఏం చేస్తావ్ తమ్ముడూ? లిప్‌స్టిక్ పూస్తావా?"

గదిలో ఉన్నవాళ్ళంతా ఘొల్లుమన్నారు. మెల్విన్ కూడా నవ్వడానికి ప్రయత్నించి, వెళ్ళిపోయాడు. సిపిరిన్‌కు ఏనుగెక్కినంత సంబరంగా ఉంది.

శనివారం మధ్యాహ్నం సుంపింగ్ కొట్టు దగ్గరే విందు పెట్టింది. లిహింగ్ పోసి వండిన కోడి, ఆకుల్లో చుట్టిన అన్నం, నిమ్మరసంలో నానబెట్టిన చేప ముక్కలు. కూతుళ్ళిద్దరూ పిల్లలతో, ఇరుగుపొరుగు కొట్లవాళ్ళూ వచ్చారు. మధ్యలో ఉన్న పెద్ద కుర్చీ సిపిరిన్‌కు వేశారు. వడ్డించింది మెల్విన్. బస్సు ఆగినప్పుడల్లా సుంపింగ్ గరిటె ఊపుతూ బయటికి కేకేసేది.

"ఇడుగో, మా పెద్దల్లుడు! కొండని ఆపినవాడు! దిగి చూసి వెళ్ళండి!"

పెళ్ళైన ఇన్నేళ్ళకు మొదటిసారి సిపిరిన్ ఆ చట్రం కట్టిన ఫొటోకు ఎదురుగా కూర్చున్నాడు. దాన్ని ఇప్పుడు సూటిగా చూడగలుగుతున్నాడు. మెల్విన్ వంగి తన కంచంలో కోడి ముక్క వేస్తుంటే, వాడి మొహం చిన్నబోయి ఉండటం చూసి, కూర మరింత రుచిగా ఉందనుకున్నాడు. ఇలా అనుకున్నాడని రాయడానికి నాకే సిగ్గుగా ఉంది కానీ, అనుకున్నాడు.

వాన మొదలైంది. అక్కడి వాన ఒక్కసారిగా దిగుతుంది. అందరూ కుర్చీలు కప్పు కిందికి లాక్కున్నారు. సిపిరిన్ ముద్ద నోట్లో పెట్టుకుంటూ యథాలాపంగా పక్కకు చూశాడు. కప్పు అంచుకు అవతల, తను ఫొటోలు తీసిన రాయి ముఖం తడిసి మెరుస్తోంది. నీళ్ళు దాని మీద చెల్లాచెదురుగా పారడం లేదు. దువ్వెనతో దువ్వినట్టు సన్నటి గాడుల్లో, పాయలు పాయలుగా, తిన్నగా కిందికి దిగుతున్నాయి. ఆ గాడుల వెంటే ఇనుపతుప్పు రంగు మరకలున్నాయి.

ఆ మరకలు అతనికి గుర్తున్నాయి. తెర మీద కూడా చూశాడు. కానీ తెర మీద అవి ఎడమనుంచి కుడికి ఉన్నాయి.

 చెయ్యి తుడుచుకుని ఫోన్ తీశాడు. రాయి బొమ్మ అందులో ఉంది, ఎవరైనా అడిగితే చూపిద్దామని పెట్టుకున్నాడు. మరకలు అడ్డంగా ఉన్నాయి. నీళ్ళు అడ్డంగా పారవు. రాయి తెర మీద పక్కకు పడుకుని ఉంటే, తాను దాని అడ్డాన్నే నిలువనుకుని కొలిచాడు. గాడులకు అడ్డంగా పోతే గరుకు తగలక ఏం చేస్తుంది? చేప మీద పొలుసుకు ఎదురు నిమిరినట్టు. నిలువుగా, జారే దిక్కున, అది నున్నటి రాయి. ఎప్పుడో ఒకసారి జారి జారి నున్నబడిన రాయి. మెల్విన్ లెక్క అక్షరాలా నిజం.

అతను తల ఎత్తలేదు. లోపల ఒక గొంతు చాలా తెలివిగా మాట్లాడసాగింది. సోమవారం దాకా ఆగు. మేడంకు ఒక్కదానికే చెప్పు, కంప్యూటర్ పొరపాటను. ఎలాగూ మళ్ళీ కొలుస్తారు కదా. ఇంతమంది ముందు, వీడి ముందు, ఇవాళ ఎందుకు? ఎదురుగా మెల్విన్ ఖాళీ గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాడు. వీడికి తల వంచడం కంటే ఆ బండ తన మీద పడటమే నయమనిపించింది. అలా అనిపించగానే, బండ పడేది తన మీద కాదని కూడా తోచింది. సుంపింగ్ బండ వైపుకు వీపు పెట్టి, వంగి పొయ్యిలో కట్టె ఎగదోస్తోంది.

"అత్తయ్యా, లేవండి."

"ఏం, ఇంకో ముక్క కావాలా?"

"అందరూ లేవండి. రోడ్డు అవతలికి నడవండి. నా కొలత తప్పు."

ఎవరూ కదల్లేదు. ఇదేదో తమాషా అనుకుని ఒకరిద్దరు నవ్వారు. సిపిరిన్ గొంతు పెంచాడు. అది అరుపులాగా వచ్చింది.

"తప్పు కొలిచానంటున్నాను! రాయిని పక్కకి తిప్పి కొలిచాను. మెల్విన్ చెప్పిందే నిజం. లేవండి!"

మెల్విన్ గిన్నె కింద పెట్టి వచ్చి అతని చేతిలోని ఫోన్ చూశాడు. ఒక్క చూపులో అర్థమైంది వాడికి.

"చెక్క పెట్టలేదా అన్నయ్యా?" అని మెల్లిగా, పక్కవాళ్ళకు వినబడకుండా అడిగాడు.

"లేదు."

వాడు ఎగతాళి చేసి ఉంటే సిపిరిన్ తట్టుకునేవాడు. వాడు ఇంకేమీ అనకుండా కొట్లవాళ్ళ భుజాలు పట్టి లేపడం మొదలుపెట్టాడు. లిడ్వినా, రోజ్లిన్ పిల్లల్ని ఎత్తుకుని రోడ్డు దాటారు. తాగిన ఒకాయన విందు సగంలో లేపినందుకు తిడుతూ వెళ్ళాడు. చివరికి సుంపింగ్ ఒక్కతే మిగిలింది. ఆమె పొయ్యి మీద నీళ్ళు గుమ్మరించి, గుడ్డతో కుండ పట్టుకుని లేచింది. సిపిరిన్ ఆమె వెనకే నడిచాడు. రోడ్డు అవతల, వానలో, ఆమె ముందు తల దించుకుని నిలబడ్డాడు.

"తిట్టండత్తయ్యా. వాడి మీది కుళ్ళుతో చేశాను. మేడంతో అబద్ధం కూడా చెప్పాను."

"కుళ్ళని నాకు తెలీదా? నా కొట్లో నా ఫొటోకి వీపు పెట్టి కూర్చునేవాడివి." ఆమె కుండ దించి, తడిసిన జుట్టు ముడేసుకుంది. "మెల్విన్ నోటీసు రాకముందే వచ్చి చెప్పాడు. కొట్టు వదిలెయ్యి అత్తయ్యా అని కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. నవ్వి పంపించేశాను. పాటలు పాడుకునేవాడికి బండల సంగతేం తెలుసు, పెద్దల్లుడు చెప్పనీ అన్నాను. అయినా భయం ఉంటుంది కదా? వాన పడ్డ ప్రతి రాత్రీ లేచి, గొడుగేసుకుని ఇదిగో, ఇక్కడికొచ్చి నిలబడేదాన్ని."

ఆమె వానలోంచి కొట్టు వైపు చూసింది.

"నువ్వు ఫరవాలేదన్నావు. ఈ వారం వారమంతా వానే. ఒక్క రాత్రి కూడా లేవలేదు అల్లుడూ. ఒళ్ళు తెలీకుండా నిద్రపోయాను."

 అత్తగారికి తన మీద లేదని సిపిరిన్ ఇన్నేళ్ళూ ఏడ్చిన ఆ నమ్మకం తన మీదే ఉంది, మొదటినుంచీ ఉంది. దాన్ని దిండులా తల కింద పెట్టుకుని ఆమె ఆ బండ కింద పడుకుంది. అతను మోకాళ్ళు పట్టుకుని రోడ్డు పక్క రాయి మీద కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎవరూ ఓదార్చలేదు. సుంపింగ్ మాత్రం అతని పక్కనే, వాన తగ్గేదాకా నిలబడే ఉంది.